అయిదో పేరు

ఆళ్లగడ్డ దాటి చాగలమర్రి రోడ్డు పట్టుకుంటే ఎడమచేతి పక్క ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ కనబడుతుంది. దాని గోడకు ఆనుకొని ఒకే ఒక్క వీధి, ముప్పై ఇళ్లు. గ్రామ సచివాలయంలో పనిచేసే సురేష్, మే నెలలో ఒక సోమవారం మిట్టమధ్యాహ్నం, ఆ వీధిలో ఫారాలు పట్టుకొని తిరుగుతున్నాడు. ఫారం మీద 'మనుషుల వల్ల జరిగే ప్రమాదాల అంచనా' అని అచ్చేసి ఉంది. పిడుగు పడితే దేవుడి మీదికి తోసేయొచ్చు. గ్యాసు లీకైతే ఎవరో ఒక మనిషిని చూపించాలి కదా! అందుకే ఆఫీసరు రాజశేఖర్ నంద్యాల నుంచి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు.

"ప్రమాదం జరిగే అవకాశం 'తక్కువ' అని రాసెయ్ సురేషా. ఓనరు మనోడే."

సురేష్ పైపులు చూడకుండానే రాసేసి సంతకం పెట్టాడు.

వీధంతా ఒకటే వాసన. గోడౌనును చల్లగా ఉంచే అమ్మోనియా. ముక్కులో సూది గుచ్చినట్టుంది.

"మాకు అలవాటేలే సారూ," అన్నాడు టైలరు అబ్రహాము. అమ్మానాన్నా లేని అయిదేళ్ల మనవరాలు లూదియా చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

చివరి ఇల్లు శివమ్మది. లోపల చీకటి. గోడకు చేరగిలబడి ముసలామె ఒక్కతే కూర్చొని ఉంది.

"గ్యాసు లీకైతే పరిగెత్తలేనోళ్లు ఎంతమంది అవ్వా?"

"మా ఇంటి లెక్కనా, వీధి లెక్కనా?"

ఎండకు కాళ్లు పీకుతున్నాయి. మళ్లీ తిరగక్కర్లేదని సురేష్ నవ్వేశాడు. "వీధి లెక్కే చెప్పు. నీకు పుణ్యముంటాది."

"రాసుకో. కొండమ్మ. కాలు లేని దావీదు. మంచం పట్టిన శేషయ్య. నేను." సురేష్ చకచకా రాస్తున్నాడు. "వర్షిణి. సురేషు కూతురు. నాలుగేండ్లు."

చెయ్యి రాసేసింది. ఆ తర్వాత ఆగింది.

"మా పాప ఈడ ఉండదే..."

"బుధవారం ఉంటాది."

జేబులో ఫోను మోగింది. భార్య భానుప్రియ. "ఇదో, బుధవారం పాపను తీసుకొని మా లింగమ్మ పిన్ని ఇంటికి పోతాండా. అదే, ఆ మిర్చి గోడౌను ఎనకాల."

సురేష్ ఫోను దించి ముసలామె వైపు చూశాడు.

"ఏందవ్వా ఇది?"

"పైపు తుప్పు పట్టింది. ఓనరు చూడలే. నువ్వూ చూడలే."

"పాపను పంపను..."

"యాడ దాచినా అంతే. రాసినాంక లెక్క అయిదే. కొట్టేయాలంటే ఇంకో పేరు రాయాల." ముసలామె గొంతు తగ్గించింది. "నీ పేరు రాసుకో నాయనా. వద్దనేదెవరు?"

పెన్ను కాగితానికి ఆనించాడు. 'సు' అని కూడా రాశాడు. చెయ్యి ముందుకు పోలేదు.

వాకిట్లో లూదియా ఒంటికాలి మీద తొక్కుడుబిళ్ల ఆడుతోంది...

'సు' కొట్టేశాడు. వర్షిణిని కొట్టేశాడు. లూదియా అని రాశాడు.

శివమ్మ తొంగి చూసింది. "నీ చేతిరాత బాగుంటాది నాయనా."

మంగళవారమంతా ఉంది. ఎవరికైనా చెప్పొచ్చు. కానీ 'తక్కువ' అన్న మాట కింద సంతకం తనదే. చెప్పలేదు.

బుధవారం పదకొండింటికి పైపు పగిలింది. ఆ వేళకు సురేష్ తన ఇంట్లో తలుపులన్నీ బిగించి, పాపను ఒళ్లో అదిమి పట్టుకొని ఉన్నాడు. పాప ఒళ్లు ఒక్కసారి ఝల్లుమంది. అంతే. ఆ తర్వాత పలకరిస్తే పలకలేదు.

సాయంత్రం నంద్యాల పెద్దాసుపత్రి నుంచి రాజశేఖర్ ఫోన్ చేశాడు.

"నలుగురు ఆడికాడనే పోయినారు. టైలరు మనవరాలు ఇప్పుడే పాయ. సురేషా... ఆ పాప నీకేమవుతుందప్పా?"

"ఏమీ కాదు సార్."

"మరి చివరిదాకా నిన్నే పిలిచింది. మా నాయన సురేషు, మా అమ్మ భానుప్రియ అని నర్సుకు చెప్పింది. పక్కనే తాత ఏడుస్తాంటే, ఈయనెవురు అనింది..."

సురేష్ మెల్లగా వెనక్కి తిరిగాడు.

భానుప్రియ పాప ముందు అన్నం గిన్నె పెట్టింది. పాప కళ్లు మూసుకుంది. చేతులు జోడించింది. ఆ ఇంట్లో ఎవరూ నేర్పని మాటలు... గుసగుసగా...

"యేసయ్యా, మా తాత బిన్నా రావాల, ఇప్పుడే రావాల. ఈ సారోళ్ల ఇంట్లోనుంచి నన్ను తీసుకపోవాల. ఆమెన్."

భానుప్రియ పకపకా నవ్వింది. "యాడ నేర్చినావే ఇది?"

అప్పుడు వీధి తలుపు చప్పుడైంది. గడియ దగ్గర కాదు. బాగా కింద, నడుమెత్తులో... చిన్న చేత్తో... ఆగి ఆగి...