తాలుకాయ పారేస్తారా?

1984 ఫిబ్రవరి. మిరపకాయలు ఎండే కాలంలో ప్రత్తిపాడులో ఏ వీధికెళ్లినా ఘాటే. యేసుపాదం మాస్టారి ఇంట్లో మాత్రం కిటికీలు మూసే ఉండేవి. ఆ ఉదయం రేడియోలో వార్తలు అయ్యేసరికి మాస్టారు తన కూతురు జయకుమారి సైన్సు ప్రాజెక్టు చివరి పేజీ కూడా రాసేసి, పెన్నుకి మూత పెట్టారు.

తొమ్మిదో తరగతి చదివే జయ జడ అల్లుకుంటూ నసిగింది. "మీ ఊరి పంట గురించి పెద్దవాళ్లని అడిగి రాయమన్నారు నాన్నా. అమ్మనొకసారి అడుగుతాను. పెళ్లికి ముందు కల్లంలో మిరపకాయలు ఏరేదంటగా?"

"ఆ మాటలు మనింట్లో వద్దన్నానా? అన్నీ పుస్తకాలు చూసి రాశాను. బడి వేళకల్లా ఈ పేజీ కూడా దించుకో."

పొయ్యి దగ్గరున్న జయ తల్లి ప్రేమమ్మ పలకలేదు. పదిహేనేళ్లుగా అలవాటైన మౌనమే అది. మాస్టారు చెడ్డవారేం కాదు. కూతురంటే ప్రాణం. ఆ ప్రేమకొద్దీ పిల్ల లెక్కలు ఆయనే చేసేవారు, పటాలూ ఆయనే గీసేవారు. మార్కులు మాత్రం పిల్లకి వచ్చేవి.

సాయంత్రం జయ వస్తూనే పుస్తకం నేలకేసి కొట్టింది.

"క్లాసంతా నవ్వారు నాన్నా! తెల్లబారిన తాలుకాయల్ని ఏరి పారేస్తారని రాశావు. నజీరా లేచి, 'పారేయడమేంటి? వాటికి వేరే ధర ఉంటుంది. మా ఇంట్లో కారం తాలుకాయదే' అంది. టీచరు ఇంకేదో అడిగితే పుస్తకంలో వెతుక్కున్నాను, దొరకలేదు. సోమవారంలోగా నా అంతట నేను కనుక్కుని రాస్తేనే గుంటూరు సైన్సు ఎగ్జిబిషన్‌కి పంపుతారంట. లేకపోతే నజీరానే."

"ఏడవకు. కొత్తది కూడా నేనే రాసి..."

"వద్దండీ." ప్రేమమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇంకా ఎన్నాళ్లు రాసిపెడతారు? రేపు పదో తరగతి పరీక్షకి కూడా మీరే వెళ్తారా? నన్ను అడిగితే పరువు పోతుందని దాని నోరు నొక్కేశారు. పెళ్లయ్యేదాకా తాలు ఏరాను. నేనెప్పుడూ సిగ్గుపడలేదు. నా బదులు మీరే పడ్డారు."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఇంటావిడ అంత మాట అనగలదని ఆయన కలలో కూడా అనుకోలేదు.

జయ కళ్లు తుడుచుకుని పెన్సిల్ తీసింది. "తాలు ఎలా తెలుస్తుందమ్మా?"

ప్రేమమ్మ చెప్పలేదు. డబ్బాలోంచి నాలుగు గుప్పిళ్ల ఏరని మిరపకాయలు చేటలో పోసి ముందు పెట్టింది. "నువ్వే ఏరు. తీసేసిన ప్రతి కాయకీ ఎందుకు తీసేశావో చెప్పు."

పిల్ల తప్పుగా ఏరింది, మళ్లీ కలిపింది, మళ్లీ ఏరింది. మాస్టారికి నోరు ఊరుకోదు. రెండుసార్లు చెప్పబోయి, ప్రేమమ్మ చూసిన చూపుకి ఆగిపోయారు. అరగంటకి జయ తనంతట తానే రాసుకుంది, మచ్చపడినవీ, రంగు పోయినవీ తాలు అని.

"మరి దీన్ని తినేదెవరమ్మా?"

"మేం తిన్నాం." జవాబు మాస్టారి దగ్గర్నుంచి వచ్చింది. "మా అమ్మ కూడా ఏరేది. కొంగున ఇంత తాలు కట్టుకొచ్చి కారం కొట్టేది. బళ్లో నా అన్నంలో వెలిసిపోయిన కారం చూసి పిల్లలు నవ్వితే ఇంటికొచ్చి ఆవిణ్ణి నానా మాటలూ అన్నాను. ఆ మర్నాటి నుంచి నాకు ఎర్రకారం పెట్టి, తను తాలుకారమే తింది. పారేస్తారని నేను తెలియక రాయలేదు తల్లీ, కావాలనే రాశాను."

ఈ సంగతి ప్రేమమ్మకి కూడా తెలియదు. ఆమె మెల్లగా వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఇది రాసుకోవచ్చా నాన్నా?" జయ భయంగా అడిగింది.

ఆయన చేటలోంచి ఒక తాలుకాయ చేతిలోకి తీసుకున్నారు.

"రాయమ్మా. మీ నానమ్మ పేరు సంతోషమ్మ. పేరుతో సహా రాయి."

అంటూనే మాస్టారు పసివాడిలా ఏడ్చేశారు.