కన్ను జారిన వరుస

రాతప్రతిని ముట్టుకునే ముందు ప్రొఫెసర్ శ్రీరామ్మూర్తి సబ్బుతో చేతులు కడుక్కుంటాడు. గ్లవ్స్ వేసుకోడు. ఆ ఉదయం దువ్వాడలోని తన ఇంట్లో ఆయన కుళాయి తిప్పాడు. వెనక నుంచి సైలెన్సర్ పిస్టల్ రెండుసార్లు పేలింది.

ఏడున్నరకి ఏజెంట్ పోలిరాజు తలుపు తోసుకుని వచ్చేసరికి వాష్‌బేసిన్‌లోంచి ఎర్రటి నీళ్లు గచ్చు మీదికి పొర్లుతున్నాయి. టేబుల్ మీద ఉండాల్సిన రాతప్రతి, తోలు మీద రాసిన ఒంటి ఆకు, లేదు. పోలిరాజు కుళాయి కట్టేసి ముసలాయన కళ్లు మూశాడు. ఈ మిషన్ కోసం రెండు నెలలుగా తనకి హీబ్రూ అక్షరాలు దిద్దబెట్టిన మనిషి.

ఆ ఆకు వెయ్యేళ్లనాటిది. ఏ నష్టానికి ఎవరు బాధ్యులో తొలినాటి యూదు మతగురువులు, రబ్బీలు, తేల్చిన ధర్మచర్చ అందులో ఉంది. ఒక విదేశీ ముఠా దాన్నే కోడ్ బుక్‌గా వాడుకుంటోంది. మెసేజ్‌లో అంకె వస్తే, ఆకు మొదటి నుంచి లెక్కపెడితే అన్నో మాటే టార్గెట్. నిన్న పట్టుబడిన మెసేజ్‌లో ఉన్నది ఇంతే: ముప్పై ఒకటి, ఉదయం తొమ్మిది.

ఫోన్‌లో చీఫ్ నీలకంఠం బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. ముప్పై ఒకటో మాట ‘బావి’. ముఠా భాషలో బావి అంటే ఆయిల్ టెర్మినల్. ఫోర్స్ మొత్తం అక్కడికే వెళ్లింది. సుధారాణి దించిన కాపీ చూసే ఈ నిర్ణయం.

సుధారాణి డిపార్ట్‌మెంట్‌కి రాతప్రతుల ఎక్స్‌పర్ట్. ముఠాలోకి మనవాళ్లు పంపిన మనిషి. ఆమె కారిడార్‌లో నడిస్తే ఆఫీసర్ల చేతుల్లో ఫైళ్లు కిందపడేవి. ఆమె కాపీని అనుమానించాలని ఎవరికీ తోచలేదు.

సబ్బుపెట్టె పక్కన ప్రొఫెసర్ నోట్‌బుక్ కనబడింది. ఆకులోని ప్రతి మాటా తెలుగు లిపిలో, కింద అర్థం, నంబరుతో సహా. ముప్పై ఒకటో మాట ‘వల’. పోలిరాజు మళ్లీ లెక్కపెట్టాడు. వలే.

ఫోన్‌లో సుధారాణి కాపీ తెరిచి పక్కన పెట్టాడు. అందులో ఒక వరుస ఎక్కువుంది. ఆ చర్చలో వాక్యం తర్వాత వాక్యం ‘బాధ్యుడు’ అనే ముగుస్తుంది. ఆకు రాసిన ఆనాటి రాయసగాడి కన్ను ఒక ‘బాధ్యుడు’ నుంచి తర్వాతి ‘బాధ్యుడు’ మీదికి జారి, నడుమ వరుస ఎగిరిపోయింది. అచ్చు పుస్తకాల్లో ఆ వరుస ఉంది. సుధారాణి దాన్ని తెచ్చి అతికించింది. దాంతో ఆ తర్వాతి మాటల లెక్కంతా మారిపోయింది.

రాసినవాడి తప్పుని తప్పుగానే దించాలని ప్రొఫెసర్ మొదటి రోజే చెప్పాడు. కొత్తవాడైతే తెలీక సరిదిద్దుతాడు. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న సుధారాణి కావాలనే సరిదిద్దింది.

వల అంటే ఫిషింగ్ హార్బర్. అక్కడ రోజూ తొమ్మిదింటికి వేలంపాట దగ్గర పోలిరాజు తల్లి మహాలక్ష్మమ్మ చేపలు కోస్తూ కూచుంటుంది. ఫోన్ ఇంట్లోనే వదిలేస్తుంది. సైరన్ మోగితే ముందే పేల్చేస్తారని, ఒక్కడినే వెళ్తానని చీఫ్‌కి చెప్పి పోలిరాజు బండెక్కాడు.

ఎనిమిదీ యాభై. లుంగీ కట్టి, తలమీద ఐసు తట్టతో పోలిరాజు జనంలో దూరాడు. పేలుడు పదార్థం దగ్గరైతే వణికే వాచీ మూడో జెట్టీ చివర వణికింది. బోట్ల చాటున నీలం ఐసు పెట్టె, ఇద్దరు కాపలా. మొదటివాడి గొంతులో ఐసు పగలగొట్టే సూది పిడిదాకా దిగింది. రెండోవాడు పోలిరాజు భుజంలో కత్తి దింపాడు. పోలిరాజు వాడి జుట్టు పట్టి, బోట్లు కట్టే ఇనప దిమ్మకేసి కదలిక ఆగేదాకా కొట్టాడు.

తల ఎత్తేసరికి ఎదురుగా సుధారాణి. ఒక కాలు స్పీడ్‌బోటు మీద, కుడిచేతిలో పిస్టల్, ఎడమచేతిలో రిమోట్.

“ముసలాడికి నోట్‌బుక్ ఉందని నాకు తెలీదు” అంది. మొదటి గుండు పోలిరాజు తొడ చీల్చింది. పడిపోయాడు. రెండోదానికి తలకి గురిపెట్టింది.

చేపల కత్తి ఆమె కుడిచేతి వేళ్ల మీద పడింది. పిస్టల్‌తో పాటు రెండు వేళ్లు జెట్టీ మీద రాలాయి. సుధారాణి పళ్లు బిగించి ఎడమ బొటనవేలు బటన్ మీదికి తెచ్చింది. ఈసారి కత్తి మెడలో దిగింది. రిమోట్ దొర్లుకుంటూ పోయింది. పోలిరాజు రక్తంలో పాకి, అంచు దాటే లోపల బటన్ నేలకి తగలకుండా అరచేత్తో ఒడిసిపట్టాడు.

మహాలక్ష్మమ్మ కత్తి కొంగుకి తుడుచుకుంది. “ఎవుర్తిరా ఇది? నిన్ను కాల్తాదేటి?”

“అమ్మా, నువ్విక్కడ లేవు. నానొక్కడినే ఉన్నాను.”

“నాను నరికినాను కదరా. కేసవుద్దేటి?”

మూడు రోజుల తర్వాత హాస్పిటల్ మంచం మీద పోలిరాజు ఒంటిచేత్తో రిపోర్ట్ టైప్ చేశాడు. నీలకంఠం ఎర్రపెన్ను పట్టుకుని చదివాడు.

“ఇక్కడ ఒక వరుస పోయింది. పిస్టల్ ఎత్తిన మనిషి తర్వాతి వాక్యంలోనే శవం.”

“రెండు వాక్యాలూ ‘మూడో జెట్టీ మీద’ అనే ముగిశాయి సర్. కన్ను జారింది.”

నీలకంఠం ఆ వరుస పక్కన ఎర్రపెన్ను ఆనించాడు. “సరిదిద్దనా?”

“తప్పుని తప్పుగానే ఉంచాలి సర్. ప్రొఫెసర్ గారి మాట.”

చీఫ్ పెన్ను మూత పెట్టి సంతకానికి నీలంది తీశాడు.

ఆ మధ్యాహ్నం ఆయన ఇంటికి రెండు కిలోల వంజరం చేప వచ్చింది. ముక్కలు చాలా శుభ్రంగా కోసి ఉన్నాయి. ఎవరు కోశారని చీఫ్ అడగలేదు.