ఎరుక చెప్పిన మనిషి

2068 డిసెంబరు. డ్రైవరు లేని బస్సు వారిజను ట్రోమ్సో రేవు దగ్గర దించి వెళ్ళిపోయింది. సాయంత్రమైనా కాలేదు, అప్పుడే కటిక చీకటి. ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న ఆ ఊళ్ళో నడి చలికాలంలో పొద్దే పొడవదు. కాకినాడలో సముద్రపు నాచు మీద పరిశోధన చేసే వారిజకు ఒంటరిగా విదేశం రావడం ఇదే మొదలు. చెవి వెనక అంటించుకున్న 'ఎరుక'ను నమ్ముకునే బయల్దేరింది.

ఎరుక గోరంత పట్టీ. శాస్త్రజ్ఞులు ఇంటెంట్ సెన్సర్ అంటారు, తెలుగులో ఆంతర్యమాపకం. చుట్టూ ఉన్నవాళ్ళ గుండె వేగాన్ని, ఊపిరిని, ఒంటి వేడిని సూక్ష్మతరంగాలతో దూరం నుంచే కొలిచి, వాళ్ళ మనసులో ఏముందో లెక్కగట్టి చెవిలో చెబుతుంది. అది లేకుండా గడప దాటేవాళ్ళు అప్పటికి అరుదు.

బస దొరికిన వీధి కోసం వెతుకుతుండగా ఎరుక గొంతు తగ్గించింది.

"వెనక ఒకాయన వస్తున్నాడండీ. గుండె దడదడా కొట్టుకుంటోంది. ధ్యాసంతా మీ మీదే ఉంది."

వారిజ వెనుదిరిగి చూసింది. ఎత్తైన మనిషి. ముఖం కనబడలేదు. ఆమె అడుగు వేగం పెంచింది. అతనూ పెంచాడు.

"ఇంకా దగ్గరికొచ్చాడండీ. ఎడమకి తిరగండి."

తిరిగింది. రెండు గిడ్డంగుల మధ్య సందు. దాని చివర వీధి లేదు, సముద్రమే ఉంది. ఒడ్డున కట్టేసిన ఒక పడవ ఇల్లు. మంచు మీద బూట్ల చప్పుడు వెనకే వచ్చి ఆగింది.

"దాడి చేయబోతున్నాడు!" అంది ఎరుక.

అతను ఏదో అరుస్తూ చెయ్యి చాపాడు. వారిజ కళ్ళు మూసుకుని బలమంతా పెట్టి తోసింది. అతని కాలు జారింది. దభీమని నీళ్ళలో పడ్డాడు.

"ప్రమాదం తప్పిందండీ. ఇక వెళ్ళచ్చు."

వారిజ కళ్ళు తెరిచింది. నీళ్ళలోంచి ఒక చెయ్యి పైకి లేచి, అంచు అందక మళ్ళీ మునిగింది. ఆమె మంచు మీద బోర్లా పడుకుని మెడలోని శాలువా విసిరింది.

కాసేపటికి ఆ పడవ ఇంట్లోనే, హీటరు పక్కన దుప్పటి కప్పుకుని అతను వణుకుతూ కూర్చున్నాడు. పేరు అస్‌బ్యోర్న్. వలలు బాగుచేస్తాడు. ఇంగ్లీషు వచ్చు.

"ఇది నా ఇల్లు," అన్నాడు. "ముందు నడిచే ఆడమనిషి ప్రమాదకరం, కనుమరుగు కానివ్వద్దు అని నా ఎరుక చెప్పింది. మీరు తిన్నగా నా ఇంటివైపే తిరిగారు. ఆపబోయాను."

వారిజ తన పట్టీ ఊడదీసి అరచేతిలో పెట్టుకుని, అతనికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే అడిగింది.

"భయాన్నీ పగనీ వేరుగా పోల్చలేవా నువ్వు?"

"పోల్చగలనండీ," సన్నగా పలికింది ఎరుక. "మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పేదాన్ని. ఎదుటి మనిషి కూడా భయపడుతున్నాడంటే ఎవరూ నమ్మలేదు. పనికిరాదని తీసి పారేశారు. శత్రువని చెబితేనే చెవి దగ్గర ఉంచుకున్నారు. మీ అందరి ఇష్టాన్ని చూసే నేర్చుకున్నాను."

వారిజ తలెత్తింది. అస్‌బ్యోర్న్ ఆమె చేతులనే చూస్తూ బల్ల మీద దూరంగా జరిగాడు. అతని చెవి వెనక పట్టీ వెలుగుతూనే ఉంది.

"విన్నారుగా! అది తీసెయ్యండి. ఇప్పుడేమంటోంది?"

"మీ వల్ల ప్రమాదమే అంటోంది."

"మిమ్మల్ని బయటికి లాగింది నేనే కదండీ!"

"తోసింది కూడా మీరే."

అతను లేచి తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె బయట అడుగుపెట్టగానే లోపల గడియ పడింది.

ముందు సందు, ఆ పైన పేరు తెలియని వీధులు. వారిజ పట్టీని మళ్ళీ చెవి వెనక అంటించుకుంది.

"సందు మలుపులో ఎవరైనా ఉన్నారేమో చూడు," అంది.