వెనక్కి చూసినవాడు

హుకుంపేట దాటి కొండల్లోకి పోతే రోగాల మలుపని ఒకటుండేది. ఆ పేరెత్తితేనే మా పెద్దవాళ్లు లెంపలేసుకునేవారు. పొద్దుగూకితే అటు కుక్క కూడా పోదనేవారు.

ఊళ్లో ఎవరికైనా జ్వరం పట్టిందంటే, ఆ మనిషి విడిచిన బట్ట, పాత చేట, గుప్పెడు పసుపన్నం ఆ మలుపులో పెట్టి వచ్చేవారు. రోగాన్ని సాగనంపడమంటే అదే. పెట్టినవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. చూశాడా... రోగం వాడి వెంటే పోతుంది. పెట్టినదాన్ని ఇంకెవరూ కాలితో కూడా తాకకూడదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అక్కడ మూతి బిగించిన పెద్ద పెద్ద మూటలు కనబడసాగాయి. ఏ ఊరివో ఎవరికీ తెలీదు. "ఎవులో పెద్ద రోగాన్నే సాగనంపీసినారు" అన్నారు పెద్దలు. ఇంకెవరు ముట్టుకుంటారు చెప్పండి! మూటలు గుట్టయ్యాయి. గుట్టలో ఎలుకలు చేరాయి, దోమలు ముసిరాయి. ఆ వానాకాలం ఇంటికొకరు మంచం పట్టారు.

యర్రమ్మ మొగుడు భీముడు ఆ జ్వరంతోనే పోయాడు. అతని పచ్చగళ్ల చొక్కా, భుజం మీద యర్రమ్మే పసుపుగుడ్డ మాసిక వేసిన చొక్కా, ఏడుస్తూ తీసుకెళ్లి మలుపులో పెట్టొచ్చింది.

నెల తిరక్కుండా కూతురు రాజకుమారికీ అదే వణుకు. చీకటి పడేసరికి పిల్ల కళ్లు తేలేసింది. ఆస్పత్రికి పోవాలంటే బస్సు రోడ్డెక్కాలి. దానికి ఆ మలుపే దారి.

"రోగపు గుంటని అటు తీసుకెల్తావేటే? ఉన్న పేణం కూడా పోతాది!" అని అత్త అడ్డుపడింది.

"ఇక్కడుంటే మాత్రం ఉంటాదా అత్తా?"

కూతుర్ని వీపున కట్టుకుని బయల్దేరింది యర్రమ్మ.

మలుపు దగ్గరికొచ్చేసరికి ముక్కులు బద్దలయ్యే కంపు. పొదల మీద తెల్లగా ఏవో వేలాడుతున్నాయి... గాలి లేకుండానే ఊగుతున్నాయి. కాళ్ల కింద కిచకిచ. తల తిప్పకుండా నడుస్తోంది —

మసక వెన్నెల్లో భీముడి చొక్కా కనిపించింది.

కదిలింది.

ఛాతీ దగ్గర ఉబ్బింది... తగ్గింది... మళ్లీ ఉబ్బింది. పడుకున్న మనిషి ఊపిరి తీస్తున్నట్టే.

"ఓలమ్మో..."

చొక్కా చేతిలోంచి రెండు ఎలుకలు దూకి పారిపోయాయి.

హమ్మయ్య అనుకునేలోపే బండి చప్పుడు. లైట్లు లేవు. యర్రమ్మ బండరాయి వెనక్కి జారి పిల్ల నోరు మూసింది. వ్యాను ఆగింది. ముగ్గురు దిగారు. ముక్కుల్లేవు, మూతుల్లేవు... ఒట్టి కళ్లే.

"బేగి పడెయ్యండ్రా," అని డ్రైవరు గుసగుసలాడాడు.

ఒక మూట పడి పగిలింది. టార్చి వెలుగులో నెత్తురు దూది, సూదులు, సెలైను సీసాలు, పొదల మీద వేలాడేవి కట్టుగుడ్డలు. అప్పుడర్థమైంది యర్రమ్మకి. ముఖాలకి గుడ్డలు కట్టుకున్నారు. దెయ్యాలు కావు, మనుషులే. కింద పట్నంలోని ఏ ఆస్పత్రి చెత్తో తెచ్చి కుమ్మరిస్తున్నారు!

కొండోళ్లు చేటలో పెట్టి సాగనంపితే మూఢనమ్మకమట. వీళ్లు వ్యానులో తెచ్చి సాగనంపితే దాన్నేమంటారో మరి!

బండెక్కబోతూ డ్రైవరు ఉలిక్కిపడి ఆగాడు. వెనక్కి తిరిగి... మలుపుకేసి చూశాడు. తల్లీకూతుళ్లు కిక్కురుమనలేదు. మరెందుకు చూశాడో! మరుక్షణం బండి పరుగందుకుంది.

యర్రమ్మ బయటికొచ్చింది. చొక్కా అక్కడ లేదు. మూటల కింద పడిపోయిందనుకుంది.

తెల్లారి మొదటి బస్సుకి సర్కారు ఆస్పత్రికి చేరింది. మలేరియా, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. పక్షం రోజులు ఉంచారు. గుంట బతికింది.

ఇంటికి పంపించే రోజున పక్క మంచం మీదికి ఒకణ్ణి మోసుకొచ్చారు. రగ్గు కప్పినా గజగజ వణికిపోతున్నాడు. ముఖం కొత్తదే. ఆ కళ్లు, ఆ గొంతు మాత్రం యర్రమ్మ ఎరుగును. డ్రైవరు.

"నేను చూసేవాణ్ణే కాదు..." అని కలవరిస్తున్నాడు. "ఎవడో పిలిచాడు... 'ఒరే, ఎనక్కి సూడు' అన్నాడు... మలుపులో నిలబడున్నాడు..."

యర్రమ్మ మంచం దగ్గరికి జరిగింది. వంగి, మెల్లగా అడిగింది.

"ఏ సొక్కా తొడుక్కున్నాడు బాబూ?"

"పచ్చగళ్లది... భుజం మీద... పసుపు మాసిక."

యర్రమ్మ గుంటని చంకనేసుకుంది. ఆస్పత్రి గేటు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.