తొమ్మిది వందల గ్రాముల పాప

“ఆ బిడ్డ మీద మరీ ఆశ పెట్టుకోకు క్యారల్... నీ మంచికే చెబుతున్నాను!”

అత్తగారు కాంతమణి అన్న ఆ మాటకి, మంచం మీద కూర్చుని పాలు పిండుకుంటున్న క్యారల్ చెయ్యి ఆగిపోయింది. కాన్పయి ఆరు రోజులే అయింది. ఏడో నెలలోనే బీపీ పెరిగి, ఆపరేషన్ చేసి బిడ్డను తీయాల్సి వచ్చింది. ఆడపిల్ల! బరువు తొమ్మిది వందల గ్రాములు! పద్మారావు నగర్ ఆసుపత్రిలో, గాజు పెట్టెలో, ముక్కులో గొట్టంతో ఆ పసిప్రాణం పోరాడుతూ ఉంటే, ఇక్కడ లాలాగూడ రైల్వే క్వార్టర్సులో ఈ మాటా!

“ఆశ పెట్టుకోకపోతే నాకు పాలెలా వస్తాయి అత్తయ్యా?” అంది క్యారల్, కన్నీళ్లు చెంపల మీదికి జారుతుండగా.

కాంతమణి మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ముప్ఫైనాలుగేళ్లు కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి ఆమె. ఆ రోజుల్లో ఇంతింత పిల్లలు పుడితే దూదిలో చుట్టి, బయట కూర్చున్న వాళ్లకి ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కునేవారు. మనవరాలిని ఒక్కసారి అద్దంలోంచి చూసి వెనక్కి తిరిగింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

క్యారల్ మాత్రం రోజూ వెళ్లింది. కుట్లు లాగుతున్నా, భర్త శాంతికుమార్ స్కూటరు వెనక పొట్ట పట్టుకుని కూర్చుని, ఎనిమిదింటికల్లా ఆసుపత్రిలో ఉండేది. గొట్టంలోంచి రెండు చుక్కలు పాలు బిడ్డ కడుపులోకి దిగితే పండగ! నాలుగు చుక్కలు దిగితే ఇంకా పెద్ద పండగ! ఏ మిషను ఎందుకు మోగుతుందో, ఏ అంకె తగ్గితే ఏం చేయాలో, అన్నీ అడిగి అడిగి నేర్చుకుంది. బిడ్డ కాస్త తేరుకున్నాక, నర్సు షీబా ఆ పిల్లను క్యారల్ గుండెల మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది.

“జెర నిమ్మళంగ పట్టుకో అక్కా... పరేషాన్ కాకు. నీ ఒంటి వేడే దానికి మందు” అంది షీబా.

ఇరవైమూడో రోజున శాంతికుమార్‌కి వర్క్‌షాపులో పొద్దున డ్యూటీ పడింది. “అమ్మా, ఈ ఒక్కరోజు నువ్వు తోడు వెళ్లవా?” అని బతిమాలాడు. కాదనలేక కాంతమణి ఆటో ఎక్కింది. చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని, కోడలి కుర్చీకి కాస్త దూరంగా నిలబడింది.

ఉన్నట్టుండి మిషను మోగింది! క్యారల్ గుండెల మీదున్న పాప ఊపిరి ఆగింది. చిట్టి పెదవులు నీలంగా మారాయి! షీబా గది ఆ చివర ఇంకో బిడ్డ దగ్గరుంది. కాంతమణి ముందుకు రాబోయింది... కాళ్లు కదల్లేదు. ముప్ఫైనాలుగేళ్ల అనుభవం ఉన్న ఆ మనిషి గోడకి ఆనుకుని నిలబడిపోయింది!

క్యారల్ అరవలేదు. ఏడవలేదు. బిడ్డ మెడ కొంచెం సరిచేసి, దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి, చింతగింజంత మడమ దగ్గర వేలితో మెల్లగా రాసింది. “ఊపిరి తీసుకో తల్లీ... అమ్మ ఇక్కడే ఉంది... తీసుకో నాన్నా...”

ఒక్క క్షణం... రెండు... మూడు... పాప రొమ్ము ఎగిసింది! పెదవులకి ఎరుపు తిరిగొచ్చింది. పరుగున వచ్చిన షీబా అంతా చూసి, “నేను వచ్చేలోపే అయిపోయింది గదా! మంచిగ చేసినవ్ అక్కా!” అంది.

పాపని మళ్లీ గాజు పెట్టెలో పడుకోబెట్టి క్యారల్ బయటికి వచ్చేసరికి, వరండాలో కాంతమణి బల్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది. “ఎంతమంది తల్లులకి ఆ మాట చెప్పానో... ఆశ పెట్టుకోవద్దని! వాళ్లకి ధైర్యం చెబుతున్నాననుకున్నానమ్మా. భయం నాది! నన్ను నేను కాపాడుకోవడానికి నీ బిడ్డకి దూరంగా పారిపోయాను...”

“ఆ రోజు మీ మాట చాలా నొప్పించింది అత్తయ్యా” అంది క్యారల్, దాచకుండా. తర్వాత ఆమె పక్కనే కూర్చుంది. “రేపటి నుంచి ఒక పూట మీరు పడుకోబెట్టుకోండి. నాకు నడుము విరిగిపోతోంది.”

మర్నాటి నుంచి ఆ ముసలి గుండెల మీద పాప గంటలు గంటలు నిద్రపోయింది!

యాభైరెండో రోజు. కిలో ఎనిమిది వందల యాభై గ్రాముల పాపని ఎత్తుకుని అందరూ బయటికి వస్తున్నారు. వార్డు గుమ్మం దగ్గర చక్రాల కుర్చీలో ఒక చిన్నపిల్ల లాంటి తల్లి, నిన్నే కాన్పయిందట, వెక్కుతోంది. పక్కనున్న ఆమె తల్లి కాంతమణి చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, మీరు నర్సంట గదా... మా బుడ్డోడు కిలో సుత లేడు. ఏమన్న ఆశ ఉన్నదా చెప్పుండ్రి!”

కాంతమణి తల అడ్డంగా ఊపింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, వరండా అంతా వినబడేలా అంది. “నన్ను అడక్కమ్మా! నా కోడల్ని అడుగు. ఈ విషయంలో నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు!”

ఆ గొంతులో గర్వం విని క్యారల్ తల పైకెత్తింది. పాపని అత్తగారి చేతుల్లో పెట్టి, ఆ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

“ఊరుకో చెల్లీ... కళ్లు తుడుచుకో. రా, ముందు చేతులు కడుక్కుందాం. బాబు నీకోసం చూస్తున్నాడు.”