ఐసు గదిలో ఊఁ

ఫిషింగ్ హార్బర్‌లో చేపలు వేలం వేసే షెడ్డు దాటాక మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుండేది. పొద్దు గూకితే దాని వెనక దారిలో ఎవరూ నోరు విప్పేవారు కాదు. నడవొచ్చు, పరిగెత్తొచ్చు, బీడీ కాల్చుకోవచ్చు... మాట్లాడకూడదు. మాట్లాడితే లోపల్నించి ఎవరో ఊఁ కొడతారు.

నమ్మరా? మానెయ్యండి. వరహాలమ్మ కూడా నమ్మలేదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని, మొగుణ్ని తిట్టుకుంటా ఆ దారినే పోయింది. “తాగుబోతెదవ,” అంది. “ఊఁ,” అని వినపడింది. “కొంప గుల్ల సేసీసాడు,” అంది. “ఊఁ...” సగం దారి పోయాకగానీ ఆవిడకి తట్టలేదు, పక్కన ఎవరూ లేరని. గంప అక్కడే పారేసి పరిగెత్తింది. మూడు రోజులు జ్వరం.

ఆ ఊఁ కొట్టేది ఎవరో హార్బరు పక్క జాలర్ల పేటలో అందరికీ తెలుసు. దుర్గ. పైడయ్య కూతురు, పదేళ్లది. తొంభై నాలుగులో, ఫ్యాక్టరీ ఇంకా నడుస్తుండగానే, ఆ ఐసు గదిలో బిగుసుకుపోయి చచ్చిపోయింది. ఆడుకుంటా లోపలికెళ్లుంటుంది, గొళ్లెం దానంతటదే పడిపోయుంటుంది అనుకున్నారు. పైడయ్య కూడా అదే అనుకున్నాడు, పాపం.

గొళ్లెం దానంతటదే ఎక్కడైనా పడుతుందా అండీ? వేసినవాడు ఒకడున్నాడు. ఉమామహేష్. దుర్గకి మేనత్త కొడుకు. అప్పటికి పదమూడేళ్లు.

వాడికి పుస్తకాల పిచ్చి. అద్దె పుస్తకాల షాపు నుంచి పిల్లల నవలలు తెచ్చేవాడు. అట్ట మీద రాకెట్టు, రాకెట్టు మీద రాక్షసుడు! లోపల మంత్రాలూ ఉండేవి, మరమనుషులూ ఉండేవారు. దుర్గకి చదువు రాదు, రొయ్యలొలిచే పనిలో పెట్టేశారు. కానీ కథంటే చెవి కోసుకునేది. వాడి చేత చదివించుకోడానికి వాడి వంతు నీళ్లు మోసేది, వాడి వంతు వల కుట్టేది. మహారాజులా ఏలాడండీ ఎదవ.

“ఊఁ కొట్టకపోతే ఆపేత్తాను,” అనేవాడు. మంచి పట్టులో ఆపేసేవాడు కూడా. ఆ పిల్ల కాళ్లావేళ్లా పడేది.

ఆ ఏడాది తెచ్చిన నవల్లో ఆకాశం నిండా ఏడు చందమామలున్న గ్రహం. అక్కడ మాయలమారి శాస్త్రవేత్త ఒకడు ఒక పిల్లని మంచు గుహలో పెట్టి మూసేస్తాడు. లోపల గాలి ఒక్క రాత్రికే సరిపోతుంది. ఆ పిల్ల బయటపడిందా లేదా అన్నది చివరి భాగం.

“బయట పడతాదా బావా? సెప్పు బావా!” మూడు రోజులు వెంటపడింది దుర్గ.

“ఐసు గదిలోకెళ్లి కూకో. నాను బయట్నించి సదువుతాను. అప్పుడు మజా వత్తాది.”

ఆ పిల్ల నవ్వుతానే లోపలికెళ్లింది. వాడు గొళ్లెం పెట్టాడు.

తలుపు సందు దగ్గర నోరు పెట్టి చదివాడు. లోపల్నించి ఊఁ... ఊఁ... పేజీ తిప్పేకొద్దీ ఆ గొంతు సన్నబడింది. పళ్లు టకటకలాడుతున్నాయి. వాడికి నవ్వొచ్చింది. అప్పుడే వాళ్లయ్య కేకేశాడు — బోటు బయల్దేరుతోంది, రమ్మని.

గొళ్లెం తియ్యడానికి ఎంతసేపు పడుతుంది? కానీ తీస్తే అది ఏడుస్తుంది. అయ్యకి చెబుతుంది. అయ్య వీపు చీరేస్తాడు. ఎవరో ఒకరు తీస్తారులే అనుకుని పరిగెత్తాడు.

మర్నాడు బోటు ఒడ్డుకి వచ్చేసరికి పేట గొల్లుమంటోంది. వీడు అందరికంటే గట్టిగా ఏడ్చాడు. పుస్తకం చూరులో దోపేశాడు. పన్నెండేళ్లు ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.

పెళ్లయ్యాక పేట వదిలేసి గాజువాక పోయి ఆటో తోలుకున్నాడు. కూతురు పుట్టింది, ధనశ్రీ. ఆ పిల్లే వాడి పంచప్రాణాలు. దానికి నాలుగేళ్లు నిండాక ఓ రాత్రి కథ చెప్పమని మారాం చేసింది. కథలు మానేసిన మనిషికి ఏ కథ వస్తుంది? ఆ ఒక్కటే నోటికొచ్చింది. బుద్ధి గడ్డి తిని మొదలెట్టాడు.

రాకెట్టు లేచింది. “ఊఁ,” అంది పాప. ఏడు చందమామలూ కనపడ్డాయి. “ఊఁ.” పిల్లని మంచు గుహలో పెట్టి తలుపు మూసేసి...

“ఊఁ,” అంది పాప.

“ఊఁ...” అంది మంచం కింద ఇంకెవరో.

లైటేసి చూస్తే ఎవరూ లేరు. మంచం కింద గచ్చు మాత్రం తడిగా, కాలు పెట్టలేనంత చల్లగా ఉంది.

ఆ రాత్రి నుంచి ఇంట్లో ఏం మాట్లాడినా ఆ ఊఁ తప్పలేదు. వారం తిరక్కుండా పాప వేళ్లు నీలం పట్టాయి. “సలేత్తంది నాన్నా,” అని వణికిపోతోంది — మే నెలలో! డాక్టరు స్వెట్టరు వెయ్యమన్నాడు. వాడి పెళ్లాం గౌరీశ్వరి మొక్కని దేవుడు లేడు.

అప్పుడు కక్కాడు, ఆటో స్టాండులో స్నేహితుడు కన్నబాబు దగ్గర. మొత్తం విని కన్నబాబు వాడి భుజం మీంచి చెయ్యి తీసేశాడు.

“దానికి కథ పూర్తవ్వలేదురా. అందుకే నీ పాపని పట్టుకుంది. ఎల్లి సదివీయ్.”

“నువ్ కూడా రా, నీకు దండవెడతాను.”

“గేటు దాకా వత్తాను. పాప మొకం సూసి.”

ఇక్కణ్నుంచి కన్నబాబు తన చెవులారా విన్నదే. అర్ధరాత్రి... దూరంగా పోర్టులో ఓడ కూత. గాలి లేదు. ఉమామహేష్ టార్చి వేసుకుని ఐసు గది ముందు గొంతుక్కూర్చున్నాడు. పాత ఇంటి చూరులోంచి తెచ్చిన, చెదలు తిన్న పుస్తకం తెరిచాడు. తలుపుకి గొళ్లెం — అలాగే ఉంది.

“ముందు గొళ్లెం తియ్యరా...” గేటు దగ్గర్నించి గుసగుసలాడాడు కన్నబాబు.

“నాను తియ్యలేన్రా. లోపలుంటాది.”

చదవడం మొదలెట్టాడు. మొదటి వాక్యానికే లోపల్నించి — “ఊఁ.” సన్నగా, సంతోషంగా. ఉమామహేష్ ఏడుస్తా చదువుతున్నాడు. ఊఁ... ఊఁ... ఒక్క వాక్యానికి కూడా ఆ ఊఁ తప్పలేదు. ఆఖరి పేజీలో ఆ పిల్ల నేస్తం వచ్చి గుహ తలుపు బద్దలుకొట్టాడు. పిల్ల బయటపడింది. ఏడు చందమామలూ ఒక్కసారే వెలిగాయి. అయిపోయింది.

ఈసారి ఊఁ రాలేదు.

వాడు కళ్లు తుడుచుకున్నాడు. హమ్మయ్య, పాప బతికింది అన్నాడు. లేవబోయాడు.

“తలుపెవులు తీసారు, బావా?”

వాడు పుస్తకం మూసేశాడు.

“నేస్తం తీసాడు... గదా. మరి నాకు నువ్ తియ్యలేదు. ఇప్పుడూ తియ్యలేదు.”

టార్చి కింద పడింది. తలుపు అవతల ఎవరో దగ్గరగా జరిగి కూర్చున్న చప్పుడు.

“ఇప్పుడు నాను సెప్తాను. ఆ రాత్రి లోపల ఏటేటయ్యిందో... అంతా. నువ్ ఊఁ కొట్టు. నువ్ మానేత్తే పాపకి సెప్తాను. పాప బాగా ఊఁ కొడతాది, బావా.”

కన్నబాబు ఇక నిలబడలేదు. పరిగెత్తుతుంటే వెనకనించి వినపడింది... ఈసారి మగ గొంతు. “ఊఁ... ఊఁ...”

తెల్లారి ఉమామహేష్ నడిచి ఇంటికొచ్చాడు. పాప వేళ్లకి రంగు తిరిగింది, అన్నం అడిగి తింది. గౌరీశ్వరి ఆనందం పట్టలేక ఏడ్చేసింది. మొగుడు మాత్రం ఓ మూలకి చెవి ఒగ్గి కూర్చున్నాడు. అన్నం పెట్టనా అంటే “ఊఁ”. ఏమైంది అంటే “ఊఁ”. ధనశ్రీ వచ్చి ఒళ్లో ఎక్కి, “నాన్నా, కత సెప్పు,” అంది. ఆ పిల్లని గుండెకి అదుముకుని, బొటబొటా కన్నీళ్లు కారుస్తా, ఎటో చూస్తా — “ఊఁ” అన్నాడు.

పగలూ రాత్రీ అంతే. రెప్ప వెయ్యలేదు. నిద్దరొస్తే చేతిని కొరుక్కునేవాడు. మోచెయ్యంతా పళ్ల గాట్లే. కానీ మనిషన్నాక ఎన్నాళ్లు మేలుకుంటాడండీ?

నాలుగో రాత్రి తెల్లారగట్ల, గోడకి జారబడ్డవాడి కళ్లు ఒక్క క్షణం మూతపడ్డాయి.

ఆ క్షణంలోనే మంచం మీద ధనశ్రీ లేచి కూర్చుంది. బాసింపట్టు వేసుకుని, ఎవరూ లేని మూలకి తిరిగి, బుద్ధిగా “ఊఁ” అంది.