బాయి బూట్ల దుంకుడు

పొయ్యి మీద పాలు పొంగుతున్నా యమున చూపు కిటికీ అవతలి గ్రౌండు మీదే ఉంది. తోడికోడలు పూలమ్మ కూతురు కల్పన చెక్కపెట్టె మీద నుంచి దూకి, దూకిన ఊపులోనే మళ్ళీ ఎగురుతోంది. తన కూతురు సంతోషి మాత్రం ఒక పక్కన గుంజీళ్ళు తీస్తోంది. ఇద్దరూ కానిస్టేబుల్ సెలక్షన్‌లో లాంగ్‌జంప్‌కే తయారవుతున్నారు. యమున పాలు దించి గ్రౌండుకు నడిచింది.

కోచ్ ముఖీత్ సార్‌ను అడిగితే, సంతోషి కిందికి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వంగుతున్నాయని, మెత్తగా దిగడం వచ్చాకే పెట్టె ఎక్కిస్తానని చెప్పాడు. యమున నమ్మలేదు. పూలమ్మ ఆయనింటికి సకినాలు పంపిన సంగతి ఆమెకు తెలుసు మరి.

ఆదివారం మొగుడు జైపాల్‌కు డ్యూటీ లేదు. అతను బజారుకు వెళ్ళగానే, బొగ్గుగనిలో, వాళ్ళ మాటలో బాయిలో, వేసుకునే ఇనుప ముక్కున్న బరువు బూట్లు తీసి, గుడ్డపీలికలు కుక్కి కూతురి కాళ్ళకు తొడిగింది. నీళ్ళతొట్టి గోడ ఎక్కి సిమెంటు గచ్చు మీదికి దూకమంది.

"ఇవేసుకొని దుంకితే, ఇప్పినంక గాలిల తేలుతవ్ బిడ్డా."

"సార్ వద్దన్నడే అమ్మా."

"కల్పనక్కకు ఎగురుడు చెప్తడు, నీకు దిగుడు చెప్తడు. పోలీసోళ్ళు దిగుడు సూసి నౌకరిస్తరా?"

అమ్మ మాట తీసేయలేక సంతోషి దూకింది, మళ్ళీ ఎక్కి దూకింది. ఆ తర్వాత లేవలేదు.

దవాఖానలో కట్టు కట్టి, ఈసారి సెలక్షన్ మాట మరిచిపొమ్మన్నారు. పూలమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని పరుగున వచ్చింది.

"సంబురపడనీకొచ్చినవా అక్కా?" అంది యమున.

పూలమ్మ మంచం మీద కూర్చుని సంతోషి కాలు సవరించింది. "పోయినేడంత నా బిడ్డ గా దిగుడే నేర్సింది. గప్పుడు దాంట్ల కుళ్ళుకునేటందుకు నీకేం కనవడలే."

 సంతోషి కల్పన చెయ్యి పట్టుకుంది. "నువ్వు మంచిగ దుంకక్కా. నాకోసం ఫికర్ వెట్టుకోకు."

ఆ మాటకు యమున పూలమ్మ వైపు తిరిగింది. "నాదే తప్పక్కా. నీ బిడ్డను సూసి ఓర్వలేక నా బిడ్డ కాలు ఇరగ్గొట్టుకున్న."

 పూలమ్మ కొంగుతో యమున ముఖం తుడిచింది.

కల్పన సెలక్షన్ రోజు కరీంనగర్‌కు యమున కూడా వెళ్ళింది. పిల్ల లాంగ్‌జంప్‌కు పరుగు అందుకోగానే, ఇంకా దూరం పడాలని మనసారా కోరుకుంది. ఇన్నాళ్ళకైనా అలా కోరుకోగలిగినందుకు వెక్కి వెక్కి ఏడ్చింది.